ప్రళయకావేరి: చెక్కుబందీలో లేని హద్దు

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ మైక్రోఫోను ముందు కూర్చొని మేము చదివే వాక్యం ఒకటి ఉన్నది: “లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా అధికారులు కోరుతున్నారు.” ఎన్నో ఏండ్లుగా నేను ఆ వాక్యాన్ని చదువుతున్నాను. తడబడకుండా, స్పష్టంగా చదివానన్న తృప్తి కూడా నాకు ఉండేది. ఒకనాడు ధ్వనిముద్రణ నిమిత్తం తడ సమీపంలో సరస్సు ఒడ్డుకు వెళ్లాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా గొంతు గుర్తుపట్టి అడిగారు: “అయ్యా, రేడియోలో లోతట్టు, లోతట్టు అంటా ఉండారే, మా ఇల్లు దాని కిందికి వస్తాదా, రాదా?”

నా వద్ద సమాధానం లేదు. ఆయన లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ సంచిలో భద్రపరచిన ఇంటి దస్తావేజు తెచ్చి చూపించారు. అందులో సర్వే నంబరు ఉన్నది, విస్తీర్ణం ఉన్నది, చెక్కుబందీలో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు నాలుగూ ఉన్నవి. ఆ నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో మాత్రం లేదు. నీరు వచ్చినప్పుడు అడిగేది ఆ ఒక్క లెక్కనే. మన కాగితాలలోకి అది ఎందుకు రాలేదు? ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రసంగం ఆ పెద్దాయన ప్రశ్నకు చరిత్రలో వెదకిన సమాధానం.

పటాలలో పులికాట్ అని కనిపించే సరస్సును తమిళులు పళవేర్కాడు అంటారు. మనవారు దానిని ప్రళయకావేరి అన్నారు. ఆ పేరులోనే ఒక హెచ్చరిక వినిపిస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సులలో చిలుక తరువాత దేశంలో ఇదే పెద్దది. అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొన తమిళనాడులోనూ ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలో చేరాయి. సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె నిలిచి ఉన్నది. పడమటినుండి కాళంగి, దక్షిణంనుండి ఆరణి వచ్చి సరస్సులో కలుస్తాయి. ఉత్తరాన స్వర్ణముఖి సముద్రాన్ని చేరుతుంది.

ఈ సరస్సు వైశాల్యం ఎంత అని అడిగితే ఒక అంకె చెప్పడం కష్టం. నీరు తగ్గిన కాలంలో, పాటు వేళ, సుమారు 250 చదరపు కిలోమీటర్లు. వానకాలంలో, పోటు వేళ, సుమారు 450. అనగా ఒకే సరస్సుకు రెండు అంచులు. ఆ రెండింటి నడుమ ఉన్న నేల ఏడాదిలో కొన్ని నెలలు పొలమో, బయలో, పశువుల మేతబీడో. తక్కిన నెలలు నీటి సొత్తు. ఎండకాలంలో స్థలం చూడబోయిన కొనుగోలుదారునికి మొదటి సరస్సు మాత్రమే కనిపిస్తుంది. రెండవ సరస్సు కార్తీక మార్గశిరాలలో కనిపిస్తుంది. ఈ తీరంలో అధిక వర్షపాతం అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవనాలదే కదా!

పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. వారు ఎత్తుపల్లాలను అంకెలలో కాక మాటలలో భద్రపరిచారు. మిట్ట, దిబ్బ, తిప్ప అన్నవి ఎత్తును చెప్పే పేర్లు. పల్లం, మడుగు, దొరువు అన్నవి నీటిని చెప్పే పేర్లు. ఊరి పేరో, పొలం పేరో వీటిలో ఒకదానితో ముగిసినదంటే అక్కడ ఎవరో ఒకనాడు నీటిమట్టం గమనించారని అర్థం. చెరువుల దేశమైన రాయలసీమలో ఈ జ్ఞానం శాస్త్రంగా కూడా వికసించింది. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువుకట్ట వద్ద 1369 నాటి శాసనం, విజయనగర రాకుమారుడైన భాస్కరుడు వేయించినది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను లెక్కించింది. ఆ దోషాలలో ఒకటి, చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం. ప్రళయకావేరిని తలచుకున్నప్పుడల్లా నాకు ఈ దోషం గుర్తుకు వస్తుంది. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సవరణ అమలులోకి వచ్చింది. తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. సరస్సు మాత్రం రెండు రాష్ట్రాల నడుమనే ఉండిపోయింది. ఆరణి లెక్క ఒక రాజధానిలో, కాళంగి లెక్క మరొక రాజధానిలో. నీరు మాత్రం రెండింటినీ కలిపి ఒకే గిన్నెలో పోస్తుంది.

ఎత్తును రాతిపై చెక్కి నిలుపుకొన్న ఒక జాతివారు ఒకప్పుడు ఈ సరస్సు ఒడ్డుననే కాపురమున్నారు. వారు డచ్చివారు. మనవారి మాటలో వలందావారు. 1613లో వారు పులికాట్‌లో గెల్‌డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్టణానికి తరలిపోయేదాకా కోరమండల తీరంలో వారి వ్యాపారానికి అదే ముఖ్యస్థానం. ఆ కాలంలోనే, 1675లో, వారి స్వదేశంలో సముద్రం పొంగింది. ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకుడైన యోహాన్నెస్ హుడ్డె గణితవేత్త. పులికాట్‌తో వ్యాపారం చేసే డచ్చి కంపెనీ నిర్వాహకులలోనూ ఒకడు. ఆయన ఆధ్వర్యంలో 1680 దశకంలో ఆ నగరపు లాకులపై ఎనిమిది పాలరాతి పలకలు అమర్చారు. ఒక్కొక్క పలకపై ఒక గీత. ఆ గీత సముద్రపుకట్ట ఎత్తు. అది నగరపు నీటిమట్టానికి తొమ్మిది అడుగుల ఐదు అంగుళాల పైన ఉన్నదని కింద వ్రాత. వీధిన పోయే ఎవరైనా దానిని చదువుకోవచ్చు. తరువాతి కాలంలో ఐరోపాలోని అనేక దేశాల ఎత్తుల లెక్కకు ఆ ఆమ్‌స్టర్‌డామ్ మట్టమే ఆధారమయింది. అయినా ఆ దేశం ముంపునుండి పూర్తిగా తప్పించుకొనలేదు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారకముందే కట్టలు తెగి 1,836 మంది మరణించారు. గీత గీయడం రక్షణకు మొదటి మెట్టు మాత్రమే. దానిని చూసి కట్టను ఎత్తు చేయడం తరువాతి మెట్టు.

మన దేశంలో శాస్త్రీయమైన కొలత మద్రాసు నుండే ఆరంభమయింది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ వద్ద సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. అక్కడనుండి త్రికోణాల వరుస దేశమంతటా విస్తరించింది. 1858 తరువాత మద్రాసు రాష్ట్రంలో రెవిన్యూ సర్వే సాగింది. అరవైయారు అడుగుల గొలుసు, దానిలో నూరు లింకులు. దానితో ప్రతి పొలాన్నీ కొలిచి, మూలలలో రాళ్లు పాతి, ఎఫ్.ఎం.బి. అని మనం పిలిచే కొలతల పుస్తకంలో గీశారు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఆ రాళ్లకు శాసనబలం ఇచ్చింది. ఇది సామాన్యమైన పని కాదు. అయితే ఆ గొలుసును పట్టుకున్నది భూమిశిస్తు. శిస్తు విస్తీర్ణాన్ని, నేల సారాన్ని, నీటి వసతిని అడుగుతుంది. ఎత్తుతో దానికి అవసరం లేదు. అందువల్ల మన భూమి కాగితాలలో పొడవు, వెడల్పు మిగిలాయి, ఎత్తు రాలేదు.

అయినా ఆ పాత దస్త్రాలలో వరద జాడ పూర్తిగా లేకపోలేదు. సెటిల్‌మెంటు రిజిస్టరులో వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, కాలువ పోరంబోకు అన్న పద్దులు చూడండి. లోకం వాటిని ఎవరికీ చెందని ఖాళీ జాగాలుగా భావిస్తుంది. నిజానికి అవి నీటికి ఇచ్చిన పట్టాలు. నూరేండ్ల కిందటి కొలతదారుడు ఆ నేలపై శిస్తు వేయకుండా విడిచిపెట్టాడంటే, అక్కడ నీరు వస్తుందని, పోతుందని, నిలుస్తుందని ఊరివారు చెప్పగా విన్నాడన్నమాట. వాగు సంవత్సరాల తరబడి ఎండినంత మాత్రాన ఆ పట్టా రద్దు కాదు.

ఎత్తులను కొలిచే పని వేరొక శాఖ చేసింది. తొమ్మిది రేవులలో సముద్రపు పోటుపాట్లను గమనించి, వాటి సగటును సున్నగా తీసుకొని, 1909 నాటికి దేశమంతటికీ ఒక మట్టాన్ని సర్వే ఆఫ్ ఇండియా స్థిరపరిచింది. రైలు స్టేషనులో పేరు పలకపై ఊరి పేరు కింద ‘సముద్రమట్టానికి ఎత్తు’ అని చిన్న అక్షరాలలో ఉండే అంకె ఆ లెక్కకు సంబంధించినదే. ప్రయాణికులు చూస్తారు, ఆలోచించరు. సర్వే పటాలలో సమానమైన ఎత్తుగల చోట్లను కలుపుతూ గీసిన గీతలు కూడా ఉంటాయి. కొండసీమలో అవి దట్టంగా ఉంటాయి. సరస్సు ఒడ్డున మాత్రం ఒక గీతకూ మరొక గీతకూ నడుమ ఊళ్లకు ఊళ్లే ఇమిడిపోతాయి. గీతకూ గీతకూ పది, ఇరవై మీటర్ల తేడా ఉన్నప్పుడు, సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తున ఉండే ఇంటికి ఆ పటం ఏమి చెప్పగలదు? ఇక్కడ ఒక మీటరు తేడా అంటే వీధి తడవడానికీ ఇల్లు మునగడానికీ గల తేడా.

ఈ తీరం చూసిన వరదలను వరుసగా తలచుకుంటే పటానికి గల మరొక చిక్కు తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమపై సముద్రమే లేచి వచ్చి, సుమారు పదివేల మందిని పొట్టనపెట్టుకున్నది. 1984 నవంబరులో తీవ్రమైన తుపాను శ్రీహరికోట సమీపంలోనే తీరం దాటింది. 2004 డిసెంబరు 26న గాలీ వానా లేకుండానే సునామీ వచ్చింది. 2015 నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాలను ముంచినది వాన. చెరువులు నిండి, వాగులు పొంగి, నీరు పడమటినుండి దిగింది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది. తిరుపతి వీధులు కాలువలయ్యాయి. రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని దిగువ ఊళ్లవారు ఇండ్లు విడిచి వెళ్లారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటినది ఎంతో ఉత్తరాన బాపట్ల వద్ద; దాని వాన మాత్రం తిరుపతి, నెల్లూరు జిల్లాలను ముంచెత్తింది. తుపాను మనవద్ద తీరం దాటడం లేదు గదా అని నిశ్చింతగా ఉన్నవారికి అది పెద్ద పాఠం.

కాబట్టి ప్రళయకావేరి ఒడ్డున ‘వరద’ అన్న మాటకు కనీసం నాలుగు అర్థాలు ఉన్నవి. పడమటినుండి ఏరు రావడం ఒకటి. తూర్పునుండి ఉప్పెన రావడం రెండు. ఆకాశంనుండి పడిన వాన కదలక నిలవడం మూడు. సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడి, వచ్చిన నీరు సముద్రంలోకి దిగలేక వెనుకకు ఎక్కడం నాలుగు. దక్షిణాన పళవేర్కాడు వద్ద ప్రధాన ముఖద్వారం ఉన్నది. ఉత్తరాన రాయదొరువు, తూపిలిపాలెం వద్ద ఉన్న ద్వారాలు ఇసుకతో మూసుకుపోతుంటాయి. నడుమ శ్రీహరికోటకు వేసిన రహదారి కట్ట ఉన్నది. కట్ట వేసినా, ద్వారం పూడినా, చెరువు చదును చేసి స్థలాలు వేసినా, నిన్నటి ముంపు పటం నేడు పాతబడుతుంది. ఏ నీటిని గురించి, ఏ సంవత్సరం గీసిన పటమో అడగకుండా పటాన్ని నమ్మరాదు.

ఇక నేటి సాధనాలను చూద్దాము. ఏ దీవి సరస్సును సముద్రంనుండి వేరుచేస్తున్నదో, ఆ దీవినుండే వరదలను చూడగల కన్నులు ఆకాశానికి ఎగిరాయి. 2012 ఏప్రిల్ 26న రీశాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.-04, 2025 జూలై 30న నైసార్ ఉపగ్రహాలు శ్రీహరికోటనుండే బయలుదేరాయి. ఇవి మబ్బును, చీకటిని లెక్కచేయని రాడార్ ఉపగ్రహాలు. నిలిచిన నీరు అద్దంవలె నునుపుగా ఉండి, రాడార్ తరంగాన్ని పక్కకు పారవేస్తుంది. అందువల్ల చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. గరుకైన నేల కొంత తరంగాన్ని వెనుకకు పంపి తెల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు తెలుపుల తేడాతో హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ముంపు పటాలు తయారుచేస్తుంది.

అద్భుతమైన సాధనమే. అయినా దానికి పరిమితులు ఉన్నవి. ఉపగ్రహం పైనుండి వెళ్లిన వేళ ఉన్న నీటినే అది చూస్తుంది. అర్ధరాత్రి వచ్చి తెల్లవారేసరికి దిగిన నీరు దానికి కనబడకపోవచ్చు. ఇండ్ల నడుమ, చెట్ల కింద నిలిచిన నీరు దానిని మోసగిస్తుంది. ఎక్కడిదాకా నీరున్నదో చెబుతుంది. మోకాలి లోతా, మెడలోతా అన్నది చెప్పలేదు. ఆకాశంనుండి తీసిన ఎత్తుల లెక్కలు కూడా ఉన్నవి; 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక భూమిలో అధికభాగపు ఎత్తులను రాడార్‌తో కొలిచింది. దానిలో కొన్ని మీటర్ల పొరపాటు ఉండవచ్చు. కొండకు అది లెక్కలేదు. ప్రళయకావేరి ఒడ్డు గ్రామానికి ఆ పొరపాటే ఇంటి ఎత్తుకు సమానం.

మరొక మాట తరచుగా వింటున్నాము: ‘నూరేండ్ల వరద’. ఇది నూరేండ్లకు ఒకసారి వచ్చే వరద అనుకొని, మొన్ననే వచ్చింది కాబట్టి ఇక మన మనుమల కాలందాకా భయం లేదని కొందరు ధైర్యపడతారు. దాని అర్థం వేరు. ఏ సంవత్సరంలోనైనా అటువంటి వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. పాచికకు కిందటి పందెం గుర్తుండదు. నేడు ఆరు పడినంత మాత్రాన రేపు పడకూడదని లేదు. ముప్పై ఏండ్లపాటు ఒక ఇంటిలో కాపురం ఉండేవారికి ఆ వరద ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం లెక్క కడితే నూటికి ఇరవైయారు. అనగా నాలుగింట ఒకటికి కొంచెం ఎక్కువ. నాలుగు ఇండ్లలో ఒక ఇల్లు కాలుతుందని తెలిసినవాడు నిప్పు సంగతి చూసుకోకుండా నిద్రపోతాడా?

ప్రభుత్వాలు ఈ విషయం తలపెట్టలేదని అనలేము. నదీతీరాలలో ఎక్కడ కట్టరాదు, ఎక్కడ జాగ్రత్తతో కట్టవచ్చు అన్న విభజనకు 1975లోనే కేంద్రం ఒక నమూనా బిల్లు వ్రాసి రాష్ట్రాలకు పంపింది. దానిని శాసనంగా చేసుకున్న రాష్ట్రాలు వేళ్లపై లెక్కింపదగినన్ని. 1991 నుండి తీరప్రాంత నియంత్రణ ఉత్తరువులు పోటు గీతను ఆధారం చేసుకొని కట్టడాలను నియంత్రిస్తున్నవి. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే ఆరంభమై, గొలుసు స్థానంలో డ్రోనులు, ఉపగ్రహ సంకేతాలు వచ్చాయి. డ్రోను చిత్రాలనుండి విస్తీర్ణంతోపాటు ఎత్తును కూడా గణించవచ్చు. శిస్తు గొలుసు విడిచిపెట్టిన అంకెను భూమి కాగితంలోకి తెచ్చే అవకాశం ఇంత దగ్గరగా మునుపెన్నడూ రాలేదు. తడ, సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతాలలో పరిశ్రమలు వచ్చి, సెంటు స్థలానికి ధర పలుకుతున్న ఈ రోజులలో ఆ అంకె విలువ ఎవరికైనా అర్థమవుతుంది. పిల్ల పెండ్లికి దాచిన డబ్బుతో వేసవిలో స్థలం కొని, మార్గశిరంలో దానిని వెదకుకొనే దుస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

అంతవరకు మనం చేయగలిగినది ఏమిటి? స్థలం కొనేముందు ఈసీ, అడంగల్, 1-బి చూస్తున్నాము. నిషేధిత భూముల 22-ఎ జాబితా చూస్తున్నాము. వాటితోపాటు గ్రామపటం తెచ్చి, చుట్టుపక్కల వాగు, కాలువ, చెరువు పోరంబోకులు ఎక్కడ ఉన్నవో వేలితో వెదకండి. ఆ పొలం పేరు అడగండి. వానకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. ఆ ఊరిలో ఎప్పటినుండో ఉన్న ముసలమ్మను 2015లో నీరు ఎంతదాకా వచ్చిందో అడగండి. ఆమె గోడపై చేయి పెట్టి చూపిస్తుంది. ఆ చేయి పెట్టిన చోటు ఏ ఉపగ్రహానికీ తెలియని సమాచారం.

ఆ చోటును చెరిగిపోనీయకండి. బడిగోడమీదనో, గుడి ధ్వజస్తంభం దిమ్మెమీదనో ఒక గీత గీసి, పక్కన సంవత్సరం వ్రాయండి. మేస్త్రీలు పునాది మట్టం చూసే నీళ్లగొట్టం ఒకటి చాలు. ఆ గీతకు మీ గడప ఎంత పైన ఉన్నదో, ఎంత కింద ఉన్నదో వీధి వెంట తేల్చుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ పాలరాయి చేసిన పని ఇంతకంటె వేరు కాదు. ప్రతి గ్రామంలో అటువంటి గీత ఒకటి ఉంటే, పైనుండి వచ్చే పటంలోని తప్పును ఊరివారే దిద్దగలుగుతారు. ‘నీటిమట్టం ఇంత పెరుగుతుంది’ అన్న హెచ్చరికకు వారి వీధిలో అర్థం ఏమిటో వారికే తెలుస్తుంది.

కిందటి వానకాలానికి ముందు ఆ పెద్దాయనను మళ్లీ చూశాను. ఇద్దరం కలిసి, 2015 నాటి నీటి జాడను ఆయన చూపిన గోడనుండి గొట్టం పట్టి ఆయన గడపదాకా తెచ్చాము. గడప ఆ జాడకు జానెడు కిందనే ఉన్నది. ఆయన కొంతసేపు మౌనంగా చూసి, “అయితే లోతట్టే,” అన్నారు. ఆ సాయంత్రం దస్తావేజు సంచిని, బియ్యం డబ్బాను అటకపైకి ఎక్కించారు. తరువాత వాన వచ్చిన రాత్రి ఆ హెచ్చరికను చదువుతున్నప్పుడు, ‘లోతట్టు’ అన్న మాట దగ్గర నా గొంతు కొంచెం నెమ్మదించింది. ఆ మాట ఎవరి గడపకు చెందినదో నాకు అప్పుడు తెలుసు. శ్రోతలందరూ తమ గడప సంగతి అంత స్పష్టంగా తెలుసుకొనే రోజు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.